ఎర్ర బటన్ గారికి, లోయర్ బెర్తు నుంచి

మహారాజశ్రీ ఎమర్జెన్సీ బటన్ గారికి, హైదరాబాద్–బెంగళూరు స్లీపర్ బస్సు, లోయర్ బెర్తు నుంచి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అందామంటే నా కుశలం మీ చేతిలోనే ఉంది కాబట్టి ఆ ముక్క ప్రస్తుతానికి వదిలేస్తున్నాను.

మొన్న శుక్రవారం అర్ధరాత్రి మిమ్మల్ని నొక్కింది నేనే. జడ్చర్ల దాటాక నీళ్ళ సీసా అడుగుదామని ముందుకెళ్తే, డ్రైవరు స్టీరింగుకి ఫోను ఆనించి రీల్స్ చూస్తున్నాడు. "అన్నా, కాస్త రోడ్డు చూడవా" అన్నాను. "పోయి పడుకోండి సార్, పన్నెండేళ్ళ నుంచి ఇదే రోడ్డు" అన్నాడు. బెర్తు దగ్గరికొస్తే తలాపున మీరు కనబడ్డారు. ఎర్రగా, గుండ్రంగా, 'ఆపదలో నొక్కండి' అన్న స్టిక్కరుతో. ప్రాణం లేచొచ్చింది. నొక్కాను. లోపలికెళ్ళి బయటికొచ్చారు. లైటు లేదు, చప్పుడు లేదు. మళ్ళీ నొక్కాను. మూడోసారి బొటనవేలు తియ్యకుండా వంద లెక్కపెట్టాను.

తొంభై దగ్గర క్లీనర్ కుర్రాడొచ్చాడు. హమ్మయ్య, ఎక్కడో మోగింది అనుకున్నా. దుప్పటి కావాలని పై బెర్తాయన పిలిస్తే వచ్చాడట. నా వేలు చూసి కంగారుపడ్డాడు.

"గట్టిగా నొక్కకండి సార్, ఊడొస్తది. మళ్ళీ ఫిట్‌నెస్ సర్టిఫికెట్టుకి పోయినప్పుడు మాకు తలనొప్పి."

అదన్నమాట సంగతి. నేననుకున్నట్టు మీరు నా కోసం కాదు. పెళ్ళిచూపులకి పెట్టుకునే ఎరువు సొమ్ము మీరు. ఇన్‌స్పెక్టరు చూసి తలూపితే మీ ఉద్యోగం అయిపోయినట్టే.

మీ వంశం చిన్నదేం కాదు. 2012 డిసెంబరులో ఢిల్లీ బస్సులో జరిగిన ఘోరం తర్వాత, 2013 బడ్జెట్టులో 1000 కోట్లతో నిర్భయ నిధి పెట్టారు. 2016లో మిమ్మల్ని బళ్ళలో పెట్టాలని నోటిఫికేషన్ వచ్చింది. వాయిదా పడింది. చివరికి 2019 జనవరి 1 నుంచి రిజిస్టరయ్యే ప్రయాణికుల బళ్ళకు ట్రాకింగ్ పరికరంతో పాటు మీరూ తప్పనిసరి అన్నారు. మీరు కేకేస్తే వినడానికి రాష్ట్రానికో మానిటరింగ్ సెంటరు అంటూ 2020లో 463.90 కోట్ల అంచనాతో పథకం వేశారు. ఆ ఏడాదే ఆంధ్రాలో ఆటోలకూ క్యాబులకూ మీ తమ్ముళ్ళను బిగిస్తామని 'అభయం' మొదలుపెట్టారు, 138 కోట్ల పైచిలుకు. అంటే నోరు బస్సు ఓనరు కొన్నాడు, చెవికి డబ్బులు సర్కారు ఇచ్చింది. మరి మధ్యలో ఏం తెగింది?

అదీ క్లీనరే చెప్పాడు. "దాంట్లో సిమ్ము ఉంటది సార్. రీచార్జ్ అయిపోయి రెండేళ్ళయింది."

రీచార్జ్! నా ఫోనుకి ఒక్కరోజు ఆలస్యమైతే పొద్దున్నుంచి పది మెసేజ్‌లు పంపి పరువు తీస్తారు. నలభై ప్రాణాలకి కాపలా కాసే సిమ్ము రెండేళ్ళుగా చచ్చిపడుంటే ఒక్కరికీ ఒక్క మెసేజూ వెళ్ళలేదా? సరే, రీచార్జ్ చేశారనే అనుకుందాం. బండి నంబరు నాగాలాండ్‌ది. నేను జడ్చర్లలో నొక్కితే మీరు ఎక్కడ మోగుతారు? కోహిమాలోనా? అక్కడ పాపం ఎవరో నిద్రలేచి, జడ్చర్ల ఏ జిల్లా అని వెతుక్కోవాలా?

మీ చుట్టాలనూ పలకరించాను. 80 దాటనివ్వకూడదని 2015లో తప్పనిసరైన స్పీడ్ గవర్నర్ గారు వైరు పీకించుకుని విశ్రాంతిలో ఉన్నారు. ముందు బోర్డు మీద 103 వెలుగుతోంది. అద్దం పగలగొట్టే సుత్తికి కొక్కెం ఉంది, సుత్తి లేదు. ఎమర్జెన్సీ డోరుకి అడ్డంగా ఉల్లిపాయల బస్తాలు. జనవరిలో రోడ్డు భద్రతా మాసానికి కట్టిన ఫ్లెక్సీ మాత్రం టోల్‌గేటు దగ్గర చెక్కుచెదరలేదు.

ఇంతలో పాలెం వచ్చింది. బస్సు ఆగలేదు, ఎందుకాగుతుంది. 2013 అక్టోబరు 30న ఇక్కడే ఇలాంటి బస్సులోనే 45 మంది కాలిపోయారు. ఇంకాస్త ముందుకెళ్తే కర్నూలు అవతల చిన్నటేకూరు. 2025 అక్టోబరు 24. పంతొమ్మిది మంది ప్రయాణికులు. నువ్వు పనిచేస్తే ఆ మంటలు ఆగేవని నేననను. కానీ ఒకటే రోడ్డు, ఒకటే నెల, పన్నెండేళ్ళు! ఇంత జరిగాక కూడా ఆ రోడ్డు మీద నా తలాపున పనిచెయ్యని ప్లాస్టిక్ బొత్తాం అంటించి 'ఆపదలో నొక్కండి' అని రాస్తారా? సిగ్గులేదూ? నీక్కాదులే. నిన్ను చూసి సంతకం పెట్టినవాడికి.

క్షమించాలి, గౌరవం తప్పాను. మీరేం చేస్తారు, మీకు రీచార్జే లేదు.

నిద్ర పట్టలేదు. తెల్లవారి హెబ్బాళ దగ్గర ట్రాఫిక్‌లో ఆగితే, ఎదుటి బెర్తులో నాలుగేళ్ళ పిల్లాడు వాళ్ళ తలాపున ఉన్న మీ అన్నగారిని నొక్కుతూ నోటితో "ట్రింగ్, ట్రింగ్" అంటున్నాడు. వద్దని వాళ్ళ నాన్న చెయ్యి పట్టుకుంటే, "ఆడుకోనీండి, అదేం చెయ్యదు" అంది వాళ్ళమ్మ. ఈ బస్సులో మీ తరఫున మోగింది వాడొక్కడే.

ఇట్లు,
బొటనవేలు వాచిన ప్రయాణికుడు.

తా.క.: తిరుగు టిక్కెట్టు ఆదివారం రాత్రికి. వేరే బండిలో సీట్లు దొరకలేదు. మీ బండే.