పాలియెస్టర్ చొక్కా వారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ పాలియెస్టర్ చొక్కా వారికి,

కాకినాడ నుండి మిమ్మల్ని ధరించు భాగ్యశాలి నమస్కరించి వ్రాయునది. ఇస్త్రీ అక్కరలేదన్న ఒక్క సుగుణానికి లొంగిపోయి మిమ్మల్ని ఇంటికి తెచ్చుకున్న నాటి నుండి నా వీపు మీద తమరు నడుపుతున్న అన్నసత్రం గురించి నలుగురికీ తెలియాలని ఈ లేఖ వ్రాస్తున్నాను.

ఆ సత్రంలో భోంచేసేవి మలసేజియా అనే ఈస్టులు, అంటే కంటికి కనిపించని ఒక రకం శిలీంధ్రాలు. దాదాపు ప్రతి మనిషి చర్మం మీదా ఉంటాయి. తమకు కావలసిన కొవ్వును తామే తయారుచేసుకునే శక్తి లేక, మన ఒంట్లో ఊరే జిడ్డు మీద ఆధారపడి నెత్తి, ఛాతీ, వీపుల్లో కాపురం పెడతాయి. సంక్రాంతి చలిలో గుండ్రటి కణాలుగా, దొరికింది తిని పడి ఉంటాయి. వైశాఖం వచ్చి, సముద్రపు గాలి బరువెక్కి, చెమట ఆరక, ఆపై తమరు గాలి చొరకుండా కప్పేసరికి, ఆ వెచ్చటి తేమలో అవే కణాలు పోగులుగా సాగి చర్మపు పై పొరలో అల్లుకుంటాయి. దీన్నే మనవాళ్లు శోభి అంటారు. (శోభ కోసమే మిమ్మల్ని కొన్నాను కనుక ఫిర్యాదుకు వీల్లేదు.)

మొన్న అద్దానికి వీపు పెట్టి మెడ తిప్పి చూసుకుంటే, బియ్యపు గింజంత తెల్లటి మచ్చలు కొన్ని, ఒకదానితో ఒకటి కలిసి రూపాయి బిళ్లంతయినవి కొన్ని కనిపించాయి. గోటితో గీకితే సన్నటి తవుడు రాలింది. ఈ ఈస్టుల్లో ఒకదానికి శాస్త్రజ్ఞులు పెట్టిన ‘ఫర్ఫర్’ అన్న లాటిన్ పేరుకు అర్థం కూడా తవుడే. అవి విడిచే అజెలాయిక్ ఆమ్లం చర్మపు రంగు తయారీని మందగింపజేయడమే ఈ తెలుపుకు ఒక కారణమట.

“రోజూ స్నానం చేస్తున్నావా నాన్నా?” అని మా పిన్ని అడిగింది. ఇది అపరిశుభ్రత వల్ల వచ్చేది కాదని, ఒకరి నుంచి ఒకరికి అంటదని ఎంత చెప్పినా, ఆవిడ తన తువ్వాలును పెరట్లో వేరే తీగ మీద ఆరేసుకుంది. పైగా వీపుకు నూనె పట్టించమని సలహా! కొవ్వు తిని బతికేవాటికి అంతకన్నా మారువడ్డన ఏముంటుంది?

డాక్టరు గారు చెప్పినట్టు కీటోకొనజోల్ షాంపూ రాసి, ఐదు నిమిషాలుంచి కడుక్కుంటే తవుడు తగ్గింది. రంగు రావడానికి నెలలు పడుతుందట. వచ్చే ఉక్కపోతకు మళ్లీ రావచ్చునట.

ఇది వ్రాస్తుండగా నూలు చొక్కా ఇంకా నీళ్లోడుతోంది. తమరు మాత్రం అప్పుడే ఆరిపోయి తీగ మీద ఊగుతున్నారు. ఆ ఆరడమేదో నా వీపు మీద ఉన్నప్పుడు ఎందుకు చేతకాదో సెలవియ్యగలరు.

ఇట్లు,
తమ సత్రానికి స్థలమిచ్చినవాడు