ఏవన్‌సీ ఎంతో చెబితే సరిపోదు, ఎలా కొలిచారో కూడా చెప్పాలి

బెంగళూరులో మారతహళ్లి నుంచి వైట్‌ఫీల్డ్ దాకా తెలుగువాళ్ల ఇళ్లలో ఇప్పుడు ఫాస్టింగ్ షుగర్ కంటే ఏవన్‌సీ (మూడు నెలల షుగర్ ఎలా ఉందో చెప్పే HbA1c రక్తపరీక్ష) మాటే ఎక్కువ. 6.4 వస్తే హమ్మయ్య అనుకుంటారు, 6.5 వస్తే షుగర్ జబ్బు గీత దాటినట్టేనని టెన్షన్. 0.1 తేడా మీద ఇంత జరుగుతున్నప్పుడు, దాన్ని ఎలా కొలిచారో తెలియాలి కదా!

రక్తంలోని గ్లూకోజు హీమోగ్లోబిన్‌లోని బీటా అనే ప్రోటీన్ గొలుసు మొదట్లో ఉండే వాలైన్ అనే అమైనో ఆమ్లానికి అతుక్కుంటుంది. అలా అతుక్కున్న హీమోగ్లోబిన్ శాతమే ఏవన్‌సీ. ఎర్రకణం బతికేది దాదాపు 120 రోజులు. అందుకే ఏవన్‌సీని మూడు నెలల షుగర్ అంటాం. చాలా ల్యాబుల్లో గ్లూకోజు అతుక్కున్న ఈ హీమోగ్లోబిన్‌ను విద్యుదావేశంలో తేడాను బట్టి వేరుచేస్తారు. పుట్టుకతోనే హీమోగ్లోబిన్ మారిన వాళ్ల రక్తంతో కొన్ని మెషిన్లు అక్కడే పొరబడతాయి.

మాస్ స్పెక్ట్రోమీటర్ అనే మెషిన్ మాత్రం అణువుల బరువు చూస్తుంది. మామూలు బీటా గొలుసు సుమారు 15,867 డాల్టన్లు (అణువుల బరువుకు కొలమానం). ఒక గ్లూకోజు అతుక్కుంటే 162 పెరుగుతుంది. తెర మీద రెండు శిఖరాలు విడివిడిగా కనిపిస్తాయి. పుట్టుకతో వచ్చే సికిల్ సెల్ జబ్బులో ఉండే బీటా గొలుసు 30 డాల్టన్లు తేలిక కాబట్టి అదీ బయటపడుతుంది. అంతర్జాతీయ క్లినికల్ కెమిస్ట్రీ సమాఖ్య ప్రామాణిక పద్ధతి ఇంకా కచ్చితం. ఎంజైముతో గొలుసు మొదటి ఆరు అమైనో ఆమ్లాల ముక్కను కోసి, దాన్నే కొలుస్తారు. బెంగళూరు సెయింట్ జాన్స్ పరిశోధనా సంస్థలోనూ హీమోగ్లోబిన్‌పై మాస్ స్పెక్ట్రోమెట్రీ పరిశోధన జరిగింది. అంటే ఈ విద్య మన ఊరికి కొత్తేమీ కాదు.

అలాగని ప్రతి రోగికీ ఇదే చేయమనడం లేదు. ఖరీదైన మెషిన్, నడపడానికి నిపుణులు కావాలి. పైగా అది తీర్చలేని చిక్కు ఒకటుంది. ఐరన్ లోపంతో రక్తహీనత ఉంటే, షుగర్ పెరగకపోయినా ఏవన్‌సీ పెరగవచ్చు. అది కొలతలో తప్పు కాదు, మాస్ స్పెక్ట్రోమీటరూ అదే చెబుతుంది. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం.

మా అపార్ట్‌మెంట్‌లో ఉండే నెల్లూరు అక్క రిపోర్టు చూశాను. ఏవన్‌సీ 6.6, ఫాస్టింగ్ 94, హీమోగ్లోబిన్ 8.9. మొదటిది లావు అక్షరాల్లో ఉంది, చివరిది రెండు పేజీల తర్వాత. ఆవిడ అన్నం మానేశారు. రక్తం తక్కువున్న మనిషి తిండి తగ్గించుకోవడం చూస్తే బాధేసింది.

ఏవన్‌సీ పక్కనే హీమోగ్లోబిన్ ఎంతో, ఏ పద్ధతిలో కొలిచారో అచ్చు వేయడానికి ల్యాబులకు పెద్ద ఖర్చేమీ కాదు. ఫాస్టింగ్‌కూ ఏవన్‌సీకీ పొంతన లేనప్పుడు ముందు రక్తహీనత సంగతి చూడాలి. హీమోగ్లోబిన్ రకంలోనే తేడా ఉందని అనుమానం వస్తే శాంపిల్‌ను మాస్ స్పెక్ట్రోమెట్రీకి పంపే ఏర్పాటు నగరానికి ఒక్కచోటైనా, ప్రభుత్వాసుపత్రి రోగికి కూడా అందేలా ఉండాలి.