టాక్స్ కట్టేశాం కదా, ఫైరింజన్ ఏదీ?

ఇందాక మన బెంగళూరులో మహదేవపుర వైపు ఓ వీధిలో చెత్తకుప్ప అంటుకుంది. ఫైరింజన్ వచ్చి మలుపులోనే ఇరుక్కుపోయింది. ఇంకేం, మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒక పెద్దమనిషి ఊగిపోయారు. “ఏప్రిల్‌లోనే ప్రాపర్టీ టాక్స్ కట్టాం, మన డబ్బుతో తిరిగే బండికి ఇంత నిర్లక్ష్యమా?” అని. కింద చప్పట్ల బొమ్మలు.

అయ్యా, 5 శాతం రిబేటు చూసి మురిసిపోయి మూసేసిన ఆ చలానా మళ్లీ తెరవండి. టాక్స్ మీద 24 శాతం సెస్సు, అంటే అదనపు పన్ను, ఉంటుంది. టాక్స్ 5,000 అనుకుంటే సెస్సు 1,200. ఆరోగ్యానికి 750, గ్రంథాలయానికి 300, భిక్షాటన నిర్మూలనకి 150. అవును, బిచ్చగాళ్ల పేరుతో కూడా కడుతున్నాం. లైబ్రరీ మెట్లెక్కి ఎన్నేళ్లయిందో నేనడగను. ఈ మూడింట్లో ఫైరింజన్ కనిపించిందా? అగ్నిమాపక శాఖ రాష్ట్ర హోంశాఖ కింద ఉంది, పోలీసులూ అంతే. వాళ్ల జీతం, డీజిల్ రాష్ట్ర బడ్జెట్‌లోంచి వస్తాయి.

రాజ్యాంగ 74వ సవరణ 1993లో అమల్లోకి వచ్చింది. పురపాలికలకు అప్పజెప్పొచ్చని 12వ షెడ్యూల్లో రాసిన 18 పనుల్లో ఏడోది అగ్నిమాపక సేవలే. ముంబైలో ఫైర్ బ్రిగేడ్ కార్పొరేషన్ చేతిలోనే ఉంది. ఇక్కడ మాత్రం 2025 సెప్టెంబర్‌లో మన నగరపాలిక బీబీఎంపీని ఐదు కార్పొరేషన్లుగా ముక్కలు చెయ్యడానికి తీరిక దొరికింది, ఫైరింజన్‌ని వాటికి అప్పజెప్పడానికి దొరకలేదు.

మరి మన టాక్స్‌తో జరగాల్సిన భద్రత ఏది? వీధి దీపం, కాలువ మీద మూత, బండి పట్టే రోడ్డు. లెక్క చూడండి. 20 అడుగుల రోడ్డంటే సుమారు 6 మీటర్లు. ఇటు ఒక కారు, అటు ఒక కారు, ఒక్కోటి 1.8 మీటర్లు. మిగిలేది 2.4. పెద్ద ఫైరింజన్ వెడల్పే దాదాపు రెండున్నర. అద్దాలు మడిచినా దూరదు. పైన కేబుల్ తీగలు తోరణాల్లా వేలాడుతుంటాయి, అది ఇంకో భాగవతం.

అసలు నా మంట వేరే ఉంది. ఇంతగా అరిచే మన అపార్ట్‌మెంట్లలో మంటలార్పే నీళ్ల పంపు రూములు ఎప్పుడైనా చూశారా? పైపులో ప్రెషర్ నిలబెట్టడానికి చిన్న జాకీ పంపు ఉంటుంది. ఎక్కడో వాల్వ్ కారుతుంటే అది మాటిమాటికీ ఆన్ అవుతుంది. కరెంటు బిల్లు చూసి సెక్రటరీ గారు స్విచ్‌ని ఆటోలోంచి మాన్యువల్‌కి తిప్పేస్తారు. పనిలో పనిగా మెయిన్ పంపుదీ తిప్పేస్తారు. గేజ్ ముల్లు సున్నా మీద పడుకుంటుంది. డీజిల్ పంపు బ్యాటరీ చచ్చి ఎన్నాళ్లయిందో వాచ్‌మన్‌కి కూడా తెలీదు. మెట్ల దగ్గర ఎర్ర పెట్టె తెరిస్తే హోస్ పైపు ఉంటుంది, దాని మూతికి బిగించే గన్‌మెటల్ నాజిల్ ఉండదు. అది పాత సామాన్ల కొట్టుకి ఎప్పుడో వెళ్లిపోయింది.

ఈ ఆదివారం ఆ పైపులో నీళ్లు బయటికి వదిలే డ్రెయిన్ వాల్వ్ కొంచెం తిప్పి చూడండి. ప్రెషర్ పడగానే జాకీ, ఇంకా పడితే మెయిన్ పంపు, కరెంటు లేకపోతే డీజిల్ పంపు, ఎవరూ ముట్టుకోకుండా మొదలవ్వాలి. మెయిన్ పంపుని ఆపేది మాత్రం మనిషే. ఏదీ కదల్లేదంటే, బిల్డింగ్ ముందువైపు పెయింటింగ్‌కి వసూలు చేసిన డబ్బు ముందు ఇటు మళ్లించండి.

అన్నట్టు సార్, ఆ మలుపులో ఉన్న తెల్ల కారు మీదేనట. తీస్తారా?