బుడగ ఎవరిది?

తిరుపతిలో, రేణిగుంట రోడ్డు పక్కన ఫైబర్ తలుపులు చేసే ఒక షెడ్డు. అచ్చులోంచి తీసిన తలుపు మూలన ఐదారు బుడగలు. రెసిన్ జిగురులోంచి గాలి పోయేలా రోలర్ తోలిన కుర్రాడి కూలి కోస్తానంటాడు మామ. పొడవాటి గొలుసుల్లాంటి అణువులైన పాలిమర్ల మీద పీహెచ్‌డీ చేస్తున్న మేనల్లుడు అడ్డం పడ్డాడు.

మామ: చేత్తో చేసే పనిలో తప్పు చేతిదే. ఇంకెవరిది?

అల్లుడు: ఎవరి చెయ్యీ పడని చోట కూడా తప్పులు పుడతాయి మామా. ఇదిగో, ఈ పళ్ళెంలో గోలీలు పోసి మెల్లగా ఊపు. ఒక్కోదాని చుట్టూ ఆరు చేరాయా? ఎవరు పేర్చారు? ఆ పక్క గుంపు వరసలు మాత్రం వేరే దిక్కుకున్నాయి, రెండూ కలిసే చోట సందు పడింది. ఆ సందు ఎవరు పెట్టారు? మా ల్యాబులో రెండు రకాల పాలిమర్ గొలుసుల్ని కొసకు కొస కడతాం. వాటికి ఒకదానికొకటి పడదు. నూనె, నీళ్ళలా విడిపోదామంటే ముడి వదలదు. అందుకని చారలు చారలుగా వాటంతటవే సర్దుకుంటాయి. ఒక్కో చార పదుల నానోమీటర్లే, వెంట్రుక మందం దాదాపు 80,000. మైక్రోస్కోపులో వేలిముద్రలా కనిపిస్తుంది. అందులోనూ ఒక చార మధ్యలో తెగుతుంది, ఇంకోటి రెండుగా చీలుతుంది. సర్దుకునేలోపే చల్లబడితే అలాగే బిగుసుకుపోతుంది. పాలిస్టైరీన్ అనే ప్లాస్టిక్ ఉన్నదైతే 100 డిగ్రీలు దాటించి గంటలకొద్దీ ఉంచుతాం. ఎదురెదురు లోపాలు కలిసి మాయమవుతాయి. అన్నీ పోవులే. సిలికా పొడి కలిపితే ఇంకో తంటా, పైపూత లేకపోతే రేణువులు వాటిలో అవే ముద్దకడతాయి. ఇప్పుడు ఎవరి కూలి కోస్తావు?

మామ: మీది వేడిచేస్తే మెత్తబడుతుంది. నా పాలిస్టర్ రెసిన్ ఒకసారి గట్టిపడితే కరగదు, మాడుతుంది. తర్వాత సర్దుకునేదేమీ లేదు. అందుకే రోలర్ గట్టిగా తోలమనేది. పైగా మీ గోలీలు బాలేవని వాపసిచ్చే గిరాకీ ఉండడు.

అల్లుడు: (కాసేపాగి) అది నిజమే. మరి గట్టిపడేదాకా టైమెంత ఇచ్చావు? మే ఎండలో, రెసిన్‌ని త్వరగా బిగించే హార్డెనర్ 2 శాతం పోసిందెవరు? రెసిన్ బిగిసేలోపు బుడగ బయటికి రావద్దా?

మామ: పెళ్ళికి పోవాలని మీ అత్త నెత్తిన కూర్చుంది కదరా!

అల్లుడు: మధ్యలో అత్తనెందుకు లాగుతావు?

మామ: ముహూర్తం దాటుంటే సమాధానం నువ్వు చెప్పేవాడివా? ఆటో మాట్లాడింది నేను, చదివింపులు రాయించింది నేను...

తగువు పెళ్ళి భోజనాల్లో వడ్డన దాకా పోయింది. ఈలోపు కుర్రాడు బుడగలు కోసి, పుట్టీ పెట్టి, ఆరాక ఎమెరీ పేపరు పట్టేశాడు.

మామ: సరే, సగం కూలే కోస్తా.

అల్లుడు: ఆ సగం హార్డెనర్ పోసిన చేతికి కొయ్యి.

మామ: (జేబులో చెయ్యి పెడుతూ) రేపు 1 శాతమే పోద్దాంలే. ఆ పళ్ళెం ఇక్కడే పెట్టి పో.