పొయ్యిలో పుల్ల, ఓడలో పుల్ల

లోకంలో పుల్లలు రెండు రకాలు. ఈ తేడా తెలియక అమాయకులు అన్నీ ఒకటే అనుకుంటున్నారు కాబట్టి కాస్త ఓపిగ్గా చెప్తాను.

ఒక పల్లెలో ఒకామె మూడు రాళ్ల పొయ్యి ముందు గొంతుక్కూర్చుని ఊదుగొట్టంతో ఊదుతోంది. పచ్చిపుల్ల చిటపటమంటుందే తప్ప అంటుకోదు, కళ్లల్లోంచి నీళ్లు కారుతుంటే మోచేత్తో తుడుచుకుని మళ్లీ ఊదుతుంది. ఆ పుల్ల పేరు సంప్రదాయ బయోమాస్, అంటే కట్టె, పిడక లాంటి పాతకాలపు వంటచెరకు. అది సమస్య. 200 కోట్ల మందికి పైగా ఇంకా ఇలాంటి పొయ్యిల మీదే వండుకుంటున్నారనీ, ఆ పొగకు ఏటా సుమారు 30 లక్షల మంది పోతున్నారనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ మొత్తుకుంటోంది. అదే పుల్లని పొడికొట్టి, గుళికలు చేసి, వియత్నాంలో ఓడెక్కించి జపాన్‌లోనో దక్షిణ కొరియాలోనో దింపి కరెంటు ప్లాంటులో కాల్చారనుకోండి, అప్పుడది పునరుత్పాదక ఇంధనం. అది పరిష్కారం.

పొగగొట్టంలోంచి వచ్చే కార్బన్ సంగతేంటని అడగకండి, అది సున్నా. అంటే పొగ రాదని కాదు. చెట్టు ఎక్కడ కొట్టారో అక్కడే లెక్క రాసుకోవాలని అంతర్జాతీయ పద్ధతి. భోజనం మీది, బిల్లు వాళ్లది. ఇంత సుఖమైన పద్దు నా జీవితంలో ఎక్కడా చూడలేదు.

ఇక గ్రామాభివృద్ధి దగ్గరికొద్దాం. 2000ల్లో జత్రోఫా అనే దేవత వెలిసింది, అంటే మన అడవి ఆముదమే. నీళ్లక్కర్లేదు, మంచి నేలక్కర్లేదు, మేకలు కూడా ముట్టవు, గింజ పిండితే డీజిల్ అన్నారు. మేకలు ఎందుకు ముట్టవో (విషం కాబట్టి) ఎవరూ అంతగా ఆలోచించలేదు. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం అన్నారు కదా పెద్దలు, ఆ సామెతను పెట్టుబడి పథకంగా చదువుకున్న మొదటి తరం ఇదే. టాంజానియా, మొజాంబిక్‌లలో కంపెనీలు వేల హెక్టార్లు దీర్ఘకాలం లీజుకు తీసుకున్నాయి. 2017 నాటికి డీజిల్‌లో 20 శాతం బయోడీజిల్ కలపాలని ఇండియా 2009లో లక్ష్యం పెట్టుకుంది, దాని దరిదాపుల్లోకి కూడా పోలేదు. నీళ్లు లేకుండా ఆ చెట్టు బతికింది, నిజమే, బతకడం వరకే, కాయాలంటే మాత్రం దానికీ నీళ్లు కావాలి, ఎరువు కావాలి, మంచి నేల కావాలి, అంటే అన్నం పండే నేలే కావాలి. కంపెనీలు చాలావరకు మూతపడ్డాయి. బీడు అని కాగితం మీద రాసిన భూమిలో అంతకుముందు పశువులు మేసేవనీ, ఆడవాళ్లు కట్టెలేరుకునేవాళ్లనీ తర్వాత తెలిసింది. జత్రోఫాని తరతరాలుగా పల్లెల్లో కంచెగా నాటేవాళ్లు. కంచె చేను మేయడం అంటే ఏంటో ఇంతకన్నా అచ్చంగా చూపించలేం.

వ్యాపారంలో నాకు బాగా నచ్చింది మాత్రం స్ప్లాష్ అండ్ డాష్. ఎక్కడో తయారైన బయోడీజిల్ అమెరికా రేవుకు వస్తుంది, అందులో ఓ చుక్క మామూలు డీజిల్ పడుతుంది, అలా కలిపినందుకు గాలన్‌కు డాలర్ రాయితీ చేతికొస్తుంది, ఓడ అట్నుంచటే యూరప్ వెళ్లి అక్కడి రాయితీ కూడా అందుకుంటుంది. 2008లో అమెరికా ఆ కన్నం పూడ్చింది, 2009లో యూరప్ సుంకం వేసింది. అదే కాలంలో బ్రెజిల్ చెరకు ఇథనాల్ మీద మాత్రం అమెరికాలో గాలన్‌కు 54 సెంట్ల సుంకం, 2011 చివరిదాకా. ముడిచమురుకైతే దాదాపు ఏమీ లేదు. పర్యావరణం మీద అంత ప్రేమ.

యూరప్‌ది ఇంకో రకం. 2020 కల్లా రవాణాలో 10 శాతం పునరుత్పాదక ఇంధనం ఉండాలని 2009లో చట్టం చేశారు. దాంతో బయోడీజిల్ కోసం పామాయిల్ పారింది. అడవులు పోతున్నాయని తెలిశాక 2030 కల్లా పామాయిల్‌ని లెక్కలోంచి తీసేస్తామన్నారు. పీటేసి కూర్చోబెట్టి, విస్తరి ముందు నుంచి లేపినట్టు. ఇండోనేషియా 2019 డిసెంబర్‌లో ప్రపంచ వాణిజ్య సంస్థకెక్కింది. అడవుల బాధ అబద్ధం కాదు, ఒప్పుకుంటా. కానీ ఆ దేశంలో పామాయిల్ తోటల్లో దాదాపు 40 శాతం చిన్న రైతులవే, అడవి కొట్టి వేసిన తోట కాదని చూపించే సర్టిఫికెట్ ఖర్చు వాళ్ల తలకు మించిన భారం. పెద్ద తోటకు ఫైలుంటుంది, చిన్న తోటకు చెట్లే ఉంటాయి. బదులుగా వాడేసిన వంటనూనెని ముద్దు చేశారు, లీటరు పోస్తే లక్ష్యం లెక్కలో రెండు లీటర్లు. వాడనిది కూడా వాడినట్టు నటించి దిగుమతవుతోందని ఇప్పుడు అనుమానాలు, నూనెకైనా ఆశ ఉండదా!

కాబట్టి నా సూచన, పొయ్యి దగ్గరున్న ఆమెనీ ఈ వ్యవస్థలోకి తీసుకురావాలి. రేపు ఆడిటర్ వస్తాడు, ఫారం తీస్తాడు.

"ఇంధనం ఎక్కడి నుంచి వస్తుంది?"

"అదిగో ఆ చెట్టు కిందేరుకొస్తానయ్యా."

"ఏ దేశానికి ఎగుమతి?"

"ఈ పొయ్యిలోకే."

ఆడిటర్ కాసేపు పెన్ను కొరుక్కుని, వివరాలు అసంపూర్ణం అని రాసుకుని, పొగకు దగ్గుకుంటూ బయటికి నడుస్తాడు.