పొరుగువాడెవరో తేలేదాకా ఆగండి

“నా పొరుగువాడెవడు?” అని యేసును అడిగిన ధర్మశాస్త్రోపదేశకుడిని ప్రసంగీకులు తరతరాలుగా చిన్నచూపు చూస్తున్నారు. తాను నీతిమంతుడినని అనిపించుకోవడానికే అలా అడిగాడని లూకా సువార్త 10వ అధ్యాయం సైతం అతని మీద ఒక చురక వేసింది. నా మట్టుకు నాకు సంఘ చరిత్రలో ఇంతకన్నా అక్కరకు వచ్చిన ప్రశ్న మరొకటి కనిపించదు. నిన్నువలె నీ పొరుగువానిని ప్రేమించుమని లేవీయకాండములోనే ఆజ్ఞ ఉన్నందువల్ల ప్రేమించక తప్పదు. అయితే ఎవరిని ప్రేమించాలో తేలేవరకు ఎవరినీ ప్రేమించనక్కరలేదన్న వెసులుబాటును మనకు సంపాదించి పెట్టిన మహానుభావుడు అతడే.

దురదృష్టమేమంటే, నిర్వచనం అడిగినవాడికి యేసు కథ చెప్పాడు. యెరూషలేము నుంచి యెరికోకు వెళ్లే దారిలో దొంగల చేతిలో దెబ్బలు తిని కొనప్రాణంతో పడి ఉన్న మనిషిని చూసి, మొదట ఒక యాజకుడు, ఆ తరువాత ఆలయ సేవకుల గోత్రానికి చెందిన ఒక లేవీయుడు పక్కగా తప్పుకొని పోయారు. శవాన్ని ముట్టుకుంటే యాజకుడికి మైల అంటుతుంది కదా అని ఆయన తరఫున వకాల్తా పుచ్చుకునేవారు నేటికీ ఉన్నారు. ఆయన యెరూషలేముకు ఎక్కిపోవడం లేదని, అక్కడి నుంచి దిగి వస్తున్నాడని, అంటే ఆలయంలో పని ఉన్నా అప్పటికే ముగిసి ఉంటుందని ఎవరూ గుర్తు చేయనంతవరకు ఆ వాదనకు ఢోకా లేదు.

ఇక వారి తరువాత అదే దారిన వచ్చి ఆగిన సమరయుడి, అంటే యూదులకు గిట్టని సమరయ ప్రాంతపువాడి సంగతి చూద్దాం. పద్ధతి తెలిసిన ఏ కమిటీ అయినా అతని పనితీరును ఆమోదించగలదా? పడి ఉన్నవాడిది ఏ కులగోత్రమో, ఏ సంఘమో, దొంగలు తిరిగే దారిలో ఒంటరిగా ఎందుకు బయలుదేరాడో ఒక్క ముక్క అడగలేదు. తీర్మానం లేకుండానే నూనె, ద్రాక్షారసం పోసి గాయాలు కట్టాడు, తన వాహనం మీద తానే ఎక్కించుకొని పూటకూళ్ల ఇంటికి చేర్చాడు. మత్తయి సువార్త 20వ అధ్యాయం లెక్కన కూలివాడికి రెండు రోజుల కూలి అయిన రెండు దేనారాలు ఇచ్చి, అంతటితో ఆగక, ఇంకేమైనా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు తీరుస్తానని మాట ఇచ్చాడు. పరిమితి లేని హామీ అన్నమాట! ఆడిటరు ఉన్న సంస్థలో ఇటువంటివాడు ఒక్క పూట కూడా కోశాధికారిగా నిలవడు. అన్నిటికీ మించి బ్యానర్ లేదు, ఫొటో లేదు, కనీసం పేరైనా చెప్పలేదు. అందుకే నేటికీ మనం అతణ్ణి ఊరి పేరుతోనే పిలవాల్సి వస్తోంది.

రికార్డులు లేకపోతే ఎంత చిక్కో మత్తయి 25వ అధ్యాయం చూస్తే మరింత బోధపడుతుంది. అంత్యతీర్పులో కుడివైపు నిలిచినవారిని, నేను ఆకలిగొన్నప్పుడు భోజనం పెట్టారు, చెరసాలలో ఉన్నప్పుడు చూడవచ్చారు అని రాజు మెచ్చుకుంటే, వాళ్లు సంతోషించి ఊరుకోక, “ప్రభువా, ఎప్పుడు?” అని ఎదురు అడుగుతారు. చేసిన మేలు తమకే గుర్తు లేదు! మన తరం ఆ అవమానం పాలు కాదు. దుప్పటి అందుకుంటున్న ముసలివాడు, అందిస్తున్న పదకొండు చేతులు, వెనుక సంఘం పేరు, తేదీ సహా అన్నీ మన దగ్గర భద్రంగా ఉన్నాయి. ఎప్పుడు అన్న ప్రశ్న ఈసారి రాజుగారే అడగాల్సి వచ్చినా ఆల్బమ్ తెరిచి చూపించగలం. కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్న నియమం ఒకటి ఉన్న మాట నిజమే గానీ, కెమెరా రెండు చేతుల్లో దేని కిందికీ రాదు.

దూరం పెరిగేకొద్దీ ప్రేమ సులభమవుతుందన్నది మరొక అనుభవసత్యం. సముద్రాల అవతల ఉన్న పొరుగువాడి కోసం కన్నీళ్లు పెట్టుకోవచ్చు. అతడు అర్ధరాత్రి తలుపు కొట్టడు. గోడకు అవతల ఉన్నవాడు అలా కాదు. అతనికి సరిగ్గా మన ఉపవాస ప్రార్థన వేళకే జ్వరం వస్తుంది. అలాంటప్పుడు ప్రార్థిస్తామని చెప్పి పంపడం మర్యాద. చలి కాచుకోండి, తృప్తి పొందండి అని నోటితో చెప్పి, కావలసినది ఇవ్వకపోతే ఏం ప్రయోజనమని యాకోబు తన పత్రికలో విసుక్కున్నాడు గానీ, ఆ పత్రికను మనం ఎక్కువగా విశ్వాస పరీక్షల గురించిన మొదటి అధ్యాయం వరకే చదువుతాం.

ఆది సంఘానికి ఈ విషయంలో అనుభవం చాలదు. విధవరాండ్రకు అనుదిన పరిచర్యలో లోటు జరుగుతోందని సణుగు పుడితే, అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో ఆత్మతోను జ్ఞానంతోను నిండిన ఏడుగురిని వెతికి మరీ వడ్డన పనికి నియమించారు. అంతటి వరాలు గలవారిని మనమైతే వేదిక మీద కూర్చోబెట్టి, వడ్డనను ఆలస్యంగా వచ్చినవారికి అప్పగించేవాళ్లం.

ఆ అనుభవరాహిత్యం ఎందాకా వెళ్లిందంటే, 361 నుంచి 363 వరకు రోమును ఏలి పాత దేవతల ఆరాధనను మళ్లీ నిలబెట్టాలని చూసిన జూలియన్ చక్రవర్తి, ఈ గలిలయులు (క్రైస్తవులను అతడు అలా పిలిచేవాడు) తమ పేదలనే కాక మన పేదలను కూడా పోషిస్తున్నారు, మనకిది సిగ్గుచేటని తన పూజారికి ఉత్తరం రాసుకోవాల్సి వచ్చింది. బాటసారులకు సత్రాలు కట్టించమని కూడా ఆదేశించాడు పాపం. పరిపాలనాభారంతో సతమతమయ్యే పాలకులకు ఇప్పుడు మన వల్ల అలాంటి ఇబ్బంది లేదు.