మా కొట్లోని పాత అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ గారికి

అయ్యా,

నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో మా బియ్యం కొట్లో, మూలనున్న విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్లో, నల్ల తెర మీద ఆకుపచ్చ అక్షరాలతో కూర్చుని పాతికేళ్లుగా మా లెక్కలు రాస్తున్నందుకు ముందుగా ఒక దండం. ఎక్స్‌పీకి సపోర్ట్ 2014 ఏప్రిల్‌లోనే ఆగిపోయింది. మా గుమాస్తా గారు కూడా మానేసి వెళ్లిపోయారు. మీరు మాత్రం కదల్లేదు.

ధాన్యం పుట్టి లెక్కన కొంటాం, మాకు పుట్టంటే 850 కిలోలు, అది మీకు కంఠతా వచ్చు. కానీ 2005లో వ్యాట్ వచ్చినప్పుడు మిమ్మల్ని రాసినాయన ఒక రాత్రి కూర్చుని ఏదో అతికించి పోయాడు, 2017లో జీఎస్టీ వచ్చేసరికి ఆయన ఫోన్ నంబరే మారిపోయింది. 2022 జూలైలో 25 కిలోల వరకు ఉన్న ప్యాకింగ్ బియ్యానికి 5 శాతం పన్ను పడగానే బజారంతా 26 కిలోల సంచికి మారితే, మీరు 25 తర్వాత 50 తప్ప ఇంకో అంకె ఉందంటే ఒప్పుకోరు. దాన్ని 'ఇతరములు' కింద రాస్తున్నాం. ఇప్పుడు మా వ్యాపారంలో సగం ఇతరములే.

పోనీ మిమ్మల్నే కొత్త కంప్యూటర్లోకి మారుద్దామంటే, అందులో ఉన్నది 64 బిట్ విండోస్, మీలాంటి పాతకాలపు 16 బిట్ డాస్ ప్రోగ్రాం దాంట్లో నడవనే నడవదు. అందుకే మీ లెక్కలన్నీ ఒక కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి మార్చాలనుకున్నాం.

బ్యాకప్ ఉంది కదా, భయమేంటి అన్నారు నాన్న. రోజూ రాత్రి కొట్టు కట్టే ముందు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, రుమాల్లో చుట్టి, రాజరాజేశ్వరి అమ్మవారి పటం వెనక పెడతారు. మొన్న దాన్ని వేరే కంప్యూటర్లో తెరిచి చూస్తే ఉన్నది డెస్క్‌టాప్ మీది మీ షార్ట్‌కట్. రెండు కేబీ. ఇన్నేళ్లూ అమ్మవారు కాపాడింది ఆ రెండు కేబీనే!

అప్పుడు పట్టుకుంది అసలు టెన్షన్. ఆడిటర్ గారి దగ్గరి అబ్బాయి వచ్చి డేటా ఫోల్డర్ మొత్తం రెండు చోట్ల కాపీ తీసి, ఒక కాపీని ఇంకో పాత మెషీన్లో తెరిచి చూపించాకే పని మొదలుపెట్టాడు, అదీ కాపీ మీదే, మీ జోలికి రాకుండా. ట్రయల్ బ్యాలెన్స్, అంటే అన్ని ఖాతాల మొత్తాల పట్టీ, పైసాతో సహా కలిసింది. నాన్న టీ చెప్పారు. టీ వచ్చేలోపు బాకీల జాబితా చూస్తే, 'శ్రీ వెంకటేశ్వర' అని మొదలయ్యే నాలుగు మిల్లుల బాకీ ఒకే మిల్లు నెత్తిన ఉంది. పేరు 15 అక్షరాలు దాటితే మీరు కోసేస్తారు, కోడ్ నంబర్లతో వాళ్లను విడివిడిగా గుర్తుపెట్టుకున్నారు, కొత్తదేమో పేరు చూసి నలుగురినీ ఒక్కరనుకుంది. బాకీల మొత్తం మారలేదు గనక ట్రయల్ బ్యాలెన్స్‌కి అనుమానమే రాలేదు. మార్చి 31 నాటి బాకీలు, సరుకు నిల్వ మీ దగ్గర ప్రింటు తీసి ఒక్కో పేరూ టిక్కు పెట్టుకుంటూ పోతే మూడు రోజులు పట్టింది. మీ డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ చప్పుడుకి పక్క కొట్టువాళ్లు వచ్చి ఏందబ్బా ఇది అని అడిగారు.

నెల రోజులు రెండింట్లోనూ రాస్తాం. దయచేసి అప్పటిదాకా ప్రాణం నిలబెట్టుకోండి. ఆ తర్వాత కూడా పాత సంవత్సరాలు చూసుకోడానికి మిమ్మల్ని ఇక్కడే ఉంచుతాం, పాత సామాన్లవాడికి వేయం.

కొత్తదాని తెర మరీ తెల్లగా ఉందని నాన్న నిన్న నలుపు చేయించుకున్నారు. అక్షరాలు ఆకుపచ్చ.

ఇట్లు,
కొట్లో చిన్నోడు